4,000 రూపాయల లోపు స్ట్రీమింగ్ స్టిక్: పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

తులసికోట:
మా ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది. కొని 8 ఏళ్లయింది. బొమ్మ ఇంకా బాగానే ఉంది కాబట్టి టీవీ మార్చే ఉద్దేశం లేదు, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్ వీడియోలు చూపించే చిన్న పరికరం) ఒకటి పెడదామనుకుంటున్నాం. 4,000 దాటకూడదు. పాపకు 9 ఏళ్లు, బాబుకు 5. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పగలు రిమోట్ మా అత్తగారి చేతిలో ఉంటుంది, అంటే పాప చేతిలో ఉన్నట్టే. ఇప్పటిదాకా నా ఫోనునే టీవీకి కలిపి చూపిస్తున్నాను. మొన్న బొమ్మల కథ అయిపోగానే దాని వెనకే ఏదో సినిమా ట్రైలర్ మొదలైంది, అందులో హత్య. నేను వంటింట్లోంచి వచ్చేలోపు బాబు చూసేశాడు. రెండు రాత్రులు నా కొంగు వదలలేదు. అమెజాన్ వాళ్ల ఫైర్ టీవీ స్టిక్ తీసుకోవాలా, గూగుల్ వాళ్ల టీవీ సాఫ్ట్‌వేర్ 'గూగుల్ టీవీ' ఉన్నది తీసుకోవాలా? పిల్లల విషయంలో ఏది నయమో వాడినవాళ్లు చెప్పండి.

పాలపిట్ట:
గూగుల్ టీవీ ఉన్నదే తీసుకోండి. అందులో పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టవచ్చు. అది తెరిచి ఉన్నంతసేపూ మీరు ఎంచి పెట్టిన యాప్‌లే కనిపిస్తాయి. రోజుకు ఎంతసేపు చూడాలి, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి అన్నది కూడా మీరే నిర్ణయించవచ్చు. గడువు దగ్గర పడగానే తెర మీద హెచ్చరిక వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. మా ఇంట్లో ఇదివరకు టీవీ ఆపేది నేను, కాబట్టి ఏడుపంతా నా మీదే. ఇప్పుడు మావాడు తనే వచ్చి "అమ్మా, టైమైపోయింది" అని చెబుతున్నాడు.

లెక్కలమాస్టారు:
అమ్మా, మీరు ఏది కొనాలని అడిగారు. ఏదీ కొనవద్దని నా మాట. 35 ఏళ్లు బడిపిల్లలతో గడిపినవాణ్ణి, కోపం తెచ్చుకోకండి.

మా అబ్బాయి ఇంట్లో ఇలాంటిదే పెట్టారు. పెద్దల సినిమాలకు నాలుగంకెల పిన్ కూడా పెట్టారు. ఒక సాయంత్రం వాళ్ల నాన్న ఆ పిన్ కొడుతుంటే మా మనవరాలు నా పక్కనే సోఫాలో కూర్చుని చూస్తోంది. టీవీలో పిన్ కొట్టడమంటే ఏమిటి? తెర మీద అంకెలుంటాయి, వాటి మీద ఒక గడి కుడికీ ఎడమకీ జరుగుతుంది. 2 దగ్గర ఆగింది. 0 దగ్గర ఆగింది. 1, తర్వాత 6. పైన చుక్కలు పడ్డాయి గాని, ఆగిన చోటు అందరికీ కనిపిస్తూనే ఉంది. "తాతయ్యా, అది నేను పుట్టిన సంవత్సరం" అంది నా చెవిలో. ఎనిమిదేళ్ల పిల్ల! ఆ తాళం ఎవరి కోసం వేసినట్టు?

2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ బాబు ఆ వయసు ఇప్పుడే దాటాడు. గంటసేపటికి 4,000 దేనికి? డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు, పీఎం ఈ-విద్య పాఠాల ఛానళ్లు కూడా వస్తాయి. ఛానల్‌లో పిల్లల కార్యక్రమానికి ఒక వేళ ఉంటుంది. ఆ వేళ దాటి పెద్దవాళ్ల కార్యక్రమం మొదలైతే పిల్లలే లేచి వెళ్లిపోతారు.

పాలపిట్ట:
మాస్టారూ, పిన్ సంగతి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ పుట్టిన సంవత్సరాన్ని పిన్‌గా పెట్టుకున్నవారి పొరపాటును వస్తువు మీద వేయకండి. పైగా తులసికోట గారి ఇంట్లో తెర ఇప్పటికే ఉంది, అదీ ఏ అడ్డూ లేకుండా. ఫోనులో ఆవిడ ఖాతా ఆవిడ చూసినవాటిని బట్టే తర్వాతి వీడియోలు అందిస్తుంది, అది ఐదేళ్ల పిల్లవాడి ముందు పడుతోంది. ఫోను తెరను ఉన్నదున్నట్టు టీవీకి పంపితే బ్యాంకు మెసేజీ కూడా అందరి ముందూ వచ్చి పడుతుంది. ఇంతకంటే చెడ్డ ఏర్పాటు లేదు. సాయంత్రం ఆరున్నరకు బస్సు దిగి ఇంటికి వచ్చే తల్లికి "అసలు కొనవద్దు" అన్న సలహా ఏం పనికొస్తుంది?

స్క్రూడ్రైవర్:
నేను టీవీలు బాగుచేస్తాను. ఏ కంపెనీ అన్నది మీరు తేల్చుకోండి, కొనేముందు చూసుకోవలసినవి నేను చెబుతాను. పాత 32 అంగుళాల టీవీలు చాలావరకు హెచ్‌డీ రెడీ, అంటే తెర మీద 1366×768 చుక్కలు. దానికి 4కె (అంతకంటే ఎన్నో రెట్లు చుక్కలున్న బొమ్మ) పంపినా కనిపించే బొమ్మలో తేడా రాదు. ముందు టీవీ వెనక స్టిక్ గుచ్చే హెచ్‌డీఎంఐ సాకెట్టు ఖాళీగా ఉందో లేదో చూడండి. స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీల్లో అక్కడ తరచుగా అర ఆంపియరే వస్తుంది, స్టిక్ ఆంపియరు దాకా లాగుతుంది. మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోందని నా దగ్గరికి తెచ్చేవాటిలో సగం అడాప్టరును గోడ ప్లగ్గులో పెట్టగానే బాగుపడతాయి.

బజారులో "అన్నీ ఉచితం" అని అమ్మే ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. అలాంటి కొన్ని పెట్టెల్లో కొనకముందే దొంగ సాఫ్ట్‌వేర్ ఉంటోందని, దాంతో మన ఇంటి ఇంటర్నెట్‌ను నేరగాళ్లు వాడుకుంటున్నారని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అని దాని పేరు. గూగుల్ భద్రతా తనిఖీ అయిన ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ లేని పెట్టె ఎంత చవకైనా వద్దు. దొంగ లోపలే ఉన్నప్పుడు పిల్లల తాళం గురించి మాట్లాడటం దండగ.

గోదారిగట్టు:
మా ఇంట్లో మూడేళ్లుగా ఫైర్ టీవీ స్టిక్ ఉంది. పిల్లల కోసం ఇందులో మనం చేసుకోవలసిన పని ఎక్కువే, ఒప్పుకుంటాను. సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్, అక్కడ పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేస్తే కొనుగోళ్లకూ యాప్‌లు తెరవడానికీ పిన్ అడిగేలా పెట్టవచ్చు. అక్కడే ఫీచర్డ్ కంటెంట్‌లో వీడియో ఆటోప్లే, ఆడియో ఆటోప్లే రెండూ ఆపేయండి. ముందు పేజీలో ట్రైలర్లు వాటంతటవే మోగడం ఆగుతుంది. అయినా పోస్టర్లు పోవు. కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ మా పిల్లలకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు కొనవలసి వస్తే నేనూ గూగుల్ టీవీ వైపే చూసేవాణ్ణి.

కానీ పాలపిట్ట గారు ఒక సంగతి వదిలేశారు. ఆ పిల్లల ప్రొఫైల్ వీధి గేటు మాత్రమే, లోపలి గదుల తలుపులు వేరు. దానిలో నెట్‌ఫ్లిక్స్ పెడితే నెట్‌ఫ్లిక్స్‌లో మళ్లీ పిల్లల ప్రొఫైల్ చేయాలి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టాలి. లేకపోతే పాప మీ పేరు మీద నొక్కి లోపలికి వెళ్తుంది. మన దేశంలో 2021 నియమాల ప్రకారం ఓటీటీలు యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని ఏ వయసువాళ్లు చూడవచ్చో తెలిపే వర్గం చూపించాలి, 13+ నుంచి పైవాటికి తాళం సౌకర్యం ఇవ్వాలి. వాళ్లు ఇచ్చే ఉంటారు. వేసుకోవలసింది మనం.

యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఒప్పుకున్న వీడియోలు, ఛానళ్లు మాత్రమే కనిపించే పద్ధతి ఉంది. అది పెడితే వెతకడం కూడా ఆగిపోతుంది. ఒక ఆదివారం కూర్చుని 40 వీడియోలు ఏరి పెట్టాను. మొదటి వారం గొడవ చేశారు. తర్వాత చూసిందే చూస్తున్నారు. పిల్లలకు అదే ఇష్టం కదా, ఒకే కథ వందసార్లు చెప్పించుకునేవాళ్లకు!

లెక్కలమాస్టారు:
ఫోను కలపడం కంటే ఇది మేలేనని ఒప్పుకుంటాను. ఏరి పెట్టే పద్ధతి నాకూ నచ్చింది, అది పుస్తకాల బీరువా సర్దినట్టే. కానీ ఒక్క ప్రశ్న మిగిలింది. పిల్లల ప్రొఫైల్‌లోంచి బయటికి రావాలంటే పిన్ కావాలి. పగలు ఇంట్లో ఉండేది అత్తగారు. ఆవిడకు పిన్ చెబుతారా, చెప్పరా? చెప్పకపోతే సొంత ఇంట్లో ఆవిడ ప్రవచనం ఆవిడ పెట్టుకోలేరు. చెబితే మధ్యాహ్నానికల్లా మనవరాలికి తెలిసిపోతుంది.

స్క్రూడ్రైవర్:
కేబుల్ ఉంచుకోండి. అత్తగారికి కేబుల్, పిల్లలకు హెచ్‌డీఎంఐ. ఒకదాంట్లోంచి ఇంకోదానికి మార్చే సోర్స్ బటన్ టీవీ రిమోట్ మీద ఉంటుంది, దాన్ని నొక్కడం ఒకసారి చూపిస్తే చాలు, పిన్‌తో పనే లేదు.

తులసికోట:
మాస్టారి ప్రశ్న దగ్గరే మేమిద్దరం రాత్రి ఆగిపోయాం. చివరికి అత్తగారినే అడిగాను. "నాకు చెప్పకు. చెబితే అది బతిమాలినప్పుడు కాదనలేను" అన్నారు. కేబుల్ ఉంచేస్తున్నాం. సోర్స్ బటన్ మీద చిన్న ఎర్ర స్టిక్కరు అంటించాను, ఈ ఉదయం ఆవిడ రెండుసార్లు సరిగ్గా మార్చారు. గూగుల్ టీవీ స్టిక్ ఆర్డర్ పెట్టాం, 4కె కానిదే. అడాప్టరుకు గోడ ప్లగ్గు ఖాళీ చేశాను. పిన్ పుట్టినరోజు కాదు, పెళ్లిరోజూ కాదు. కొట్టేటప్పుడు పాపను గదిలోంచి పంపాలి.

గోదారిగట్టు గారూ, మీరు ఏరి పెట్టిన ఆ 40లో తెలుగు కథలు ఏవో రాస్తారా? ఆదివారం నేనూ కూర్చుంటాను.