చీమకుర్తి నుంచి మొదటి కంటైనర్ పోతా ఉంది, కస్టమ్స్ పేపర్లలో ఏం చూసుకోవాలి?

అన్నా, మాది పాలిషింగ్ యూనిట్, ఇన్నాళ్లు వేరే వాళ్ల పేరు మీదే మాల్ పోయేది, ఇప్పుడు మా పేరు మీదే గెలాక్సీ గ్రానైట్ స్లాబులు బయట దేశానికి పంపిస్తున్నాం. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) ఉంది, కస్టమ్స్ వాళ్ల పోర్టల్ ఐస్‌గేట్‌లో మా బ్యాంక్ ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంకు నంబరు) ఎక్కింది. కస్టమ్స్ ఏజెంటే అంతా చూసుకుంటాడులే అని వదిలేయొచ్చా?

ఒంగోలు అకౌంటెంట్:
అట్టా వదలొద్దు తమ్ముడూ. షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే కాయితం) వేసే ముందు ఏజెంటు దాని చెక్‌లిస్ట్ పంపిస్తాడు, దాన్ని ఇన్‌వాయిస్ పక్కన పెట్టుకుని లైను లైను చదువు. ఐజీఎస్టీ (ఎగుమతి మీద పడే జీఎస్టీ) కట్టి, తర్వాత రీఫండ్ తీసుకునేట్టు పంపిస్తుంటే మటుకు ఇన్‌వాయిస్ నంబరు జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్) ఎట్టుందో షిప్పింగ్ బిల్లులోనూ అట్టే ఉండాల, మధ్యలో గీత ఒక్కటి తేడా వచ్చినా రీఫండ్ ఆగిపోద్ది, చిన్న యూనిట్‌కి ఆ డబ్బు ఆగితే కూలీలకి యాడనుంచి తెచ్చి ఇస్తావు చెప్పు. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) మీద పంపిస్తే ఏప్రిల్ రాగానే కొత్తది వేసుకో, ఏడాదికే చెల్లుద్ది.

కృష్ణపట్నం రోడ్డు:
హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే కస్టమ్స్ నంబరు) కూడా చూడు బ్రో, రఫ్ బ్లాకు 2516లో, పాలిష్ స్లాబు 6802లో వస్తది, పాత బిల్లు కాపీ కొట్టి పాత కోడే పెట్టేస్తారు కొందరు. చెక్క ఫ్రేములకి ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగు లేకుండా ట్రీట్ చేసినట్టు గుర్తు) ఉందో లేదో లోడింగ్‌కి ముందే నువ్వే చూసి ఫొటో తీసుకో, లేకపోతే అవతలి పోర్టులో మాల్ ఆపేస్తారు.

నెల్లూరు టౌన్:
డైమండ్ బ్లేడ్లు బయట్నుంచి తెప్పించుకుంటే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే కాయితం) లేటు చెయ్యబాకండి, లేటు ఫీజు మొదటి మూడు రోజులు రోజుకి 5000 రూపాయలు, తర్వాత రోజుకి 10000 పడద్ది.