అప్‌డేట్: బాపు కల్లు మానగానే ఫిట్స్ వచ్చాయని అడిగాను కదా (మహబూబ్‌నగర్)

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఎనిమిది నెలలైంది, బాపు బాగున్నాడు.

డాక్టర్ చెప్పింది ఏంటంటే, అది ఉత్త కల్లు కాదు, అందులో కలిపే అల్ప్రజోలం అనే నిద్ర మందు మత్తుకి ఒళ్ళు అలవాటు పడింది, ఒక్కసారి ఆపేసరికి ఫిట్స్, లేని మనుషులు కనబడటం. ఇంట్లో కట్టేసి మాన్పించాలనుకున్నాం, ఆయన ప్రాణం మీదికి తెచ్చేవాళ్ళం. ఆస్పత్రి వార్డులో పెట్టి గోలీల డోసు మెల్లగా తగ్గించారు.

అసలు పని ఆ వార్డు నర్సుది. డిశ్చార్జ్ అయ్యాక కూడా వారం వారం ఫోన్: నిద్ర పట్టిందా, గోలీలు ఎన్ని మిగిలాయి, కల్లు కోసం పానం ఏ టైంకి గుంజుతోంది. సాయంత్రం ఆరు అని తేలింది, పొలం నుంచి వచ్చే దారిలోనే కల్లు దుకాణం! దారి మార్చాం. దసరాకి ఒకసారి తాగాడు, మేం తిట్టాం, ఆమె మాత్రం తిట్టకుండా "రేపు రా బాపూ, ఎక్కడ జారిందో చూద్దాం" అంది. బాపు మా మాట వినడు గానీ "ఆ బిడ్డ అడుగుతది" అని గోలీలు వేసుకుంటాడు.

తాగుడు మాన్పిస్తుందని కొందరు చెప్పిన, కూరలో కలిపే పొడికి డబ్బులు దండగ. థైరాయిడ్ ఏమో అన్నారు, టెస్టులో ఏమీ లేదు. ఎవరో చెప్పిన 14446కి (మత్తు మాన్పించే హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తే ఎక్కడికి పోవాలో చెప్పారు, అది పనికొచ్చింది.