4వ తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి కొలిచేటట్టు లక్ష్యాలు ఎట్ల రాయాలె? ప్రైమరీ టీచర్లు కొంచెం చెప్పండి

కొత్త_టీచరమ్మ_నర్సంపేట:
అందరికీ నమస్తే. 2024 డీఎస్సీల సెలెక్ట్ అయి నర్సంపేట దిక్కు ఒక ప్రైమరీ స్కూల్ల చేస్తున్న, 4వ తరగతి, 19 మంది పిల్లలు. ఒక్కో పిల్లకు తెలుగుల, లెక్కలల్ల సంక్రాంతి వరకు ఏం రావాలె అనేది రాసి పెట్టుకోమని మా హెచ్ఎం మేడం చెప్పిన్రు. పాత రిజిస్టర్లు తిరగేస్తే అందరికీ "చదవడంలో మెరుగుపడాలి" అనే ఉన్నది, అది చూస్కొని జనవరిల పిల్లగాడు ముందటికి పోయిండా అక్కడ్నే ఉన్నడా అంటే ఏం చెప్తం? చిన్న తరగతుల పిల్లలకు చదువుడు, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌ల 3వ తరగతి అయిపోయేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంట చదవాలె అని ఉన్నది కదా, మా క్లాసుల ముగ్గురు నలుగురు కథ గడగడ చదువుతరు గానీ ఐదుగురికి గుణింతాలే వస్తలేవు, ఒత్తులకైతే సగం క్లాసు ఆగుతది. అందరికీ 60 అనే రాయాల్నా, ఎవరిది వాళ్ళకు రాయాల్నా? ఎవరిది వాళ్ళకు అంటే ఆ అంకె ఎక్కడికెళ్ళి తేవాలె?

పర్కాల_టీచర్:
ఎవరిది వాళ్ళకే రాయాలె చెల్లె. 60 అన్నది చేరాల్సిన ఊరు, అది మర్చిపోవద్దు, కానీ నిమిషానికి 12 పదాలు చదివే పిల్ల సంక్రాంతికి 30 చదివితే అది మస్తు ఎదుగుదల, అందరికీ 60 అని రాస్తే ఆ పిల్ల రిజిస్టర్ల ఫెయిల్ అయినట్టే కనబడ్తది.

ఫస్ట్ ఒక్కొక్కరిని పక్కన కూసోబెట్టుకొని చదివించు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 2005 నుంచి పిల్లల చదువు ఎట్లున్నదో చూసే అసర్ సర్వేల వాడే పద్ధతి ఉన్నది కదా, అక్షరాలు, పదాలు, 1వ తరగతి పేరా, 2వ తరగతి కథ, ఏ మెట్టు కాడ ఆగుతరో అదే వాళ్ళ మెట్టు, మనిషికి కొన్ని నిమిషాలే పడ్తది. మన తెలుగుకైతే పదాలను నేను ఇంకా విడగొడ్త, తల వల లాంటివి వేరే, గుణింతం పదాలు వేరే, అక్క అన్న లాంటి ద్విత్వాలు వేరే, సూర్యుడు పుస్తకం లాంటి సంయుక్తాలు వేరే. ఎందుకంటే "పదాలు వస్తలేవు" అంటే ఏం నేర్పాలో మనకే తెల్వదు, "ద్విత్వం వస్తది, సంయుక్తం కాడ ఆగుతున్నడు" అంటే రేపు పొద్దున బోర్డు మీద ఏం రాయాలో తెలుస్తది. అప్పుడు లక్ష్యం గిట్ల రాయొచ్చు: "గుణింతం పదాలు 10 ఇస్తే ఇప్పుడు 3 చదువుతున్నది, దసరా సెలవుల లోపల 8 చదవాలె, సంక్రాంతికి ఒత్తులు లేని ఐదు వాక్యాల పేరా చదివి మూడు ప్రశ్నలల్ల రెండింటికి సొంత మాటలల్ల చెప్పాలె."

ఆ 8 అనేది ఎక్కడిది అంటే, ఒక రెండు వారాలు రోజూ కొంచెంసేపు ఆ పిల్లకు గుణింతాలే చెప్పి చూడు, ఎంత కదిలిందో దాన్నిబట్టి వెయ్యి. ఇంకోటి, నిమిషానికి పదాలు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త, మన భాషల "వెళ్ళిపోతున్నప్పుడు" కూడా ఒక్క పదమే, "పిల్లి" కూడా ఒక్క పదమే, అందుకే ఆగస్టుల ఏ తీరు పేరా ఇచ్చినవో జనవరిల కూడా అంతే కష్టం ఉన్న కొత్త పేరా ఇయ్యాలె. అదే పేరా మళ్ళ ఇస్తే నోటికొచ్చి చెప్తరు.

హన్మకొండ_లెక్కల_సార్:
మేడం చెప్పింది కరెక్ట్, నేను లెక్కల సంగతి చెప్త, హైస్కూల్ల చేస్తున్న. ఎఫ్ఏ (ఏడాది మధ్యమధ్యల పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు చూసి ఎదుగుదల అనుకోవద్దు. మాకు ఎఫ్ఏ 20 మార్కులు, అండ్ల స్లిప్ టెస్ట్, అంటే చిన్న రాత పరీక్ష, 5 మార్కులే, మిగతాది నోట్‌బుక్కు, ప్రాజెక్టు, పార్టిసిపేషన్, పైగా ఎఫ్ఏ1ల ఒక పాఠాలు ఎఫ్ఏ2ల ఇంకో పాఠాలు, 11 నుంచి 14 అయితే పిల్లగాడు ఏం నేర్చుకున్నడో ఆ అంకెల దొరకదు. కొలవాలంటే అదే నైపుణ్యాన్ని ముందు ఒకసారి వెనక ఒకసారి చూడాలె.

తప్పు జవాబు ఎట్లొచ్చిందో కూడా చూడండి. 52లకెళ్ళి 27 తీసెయ్యమంటే 35 వేసే పిల్లలు మస్తుమంది ఉంటరు, 2లకెళ్ళి 7 పోదు కదా అని 7లకెళ్ళి 2 తీసేస్తరు. వాళ్ళకు తీసివేత వస్తది, పక్కకెళ్ళి పది తెచ్చుకునుడు వస్తలేదు. "పది తెచ్చుకునే రెండంకెల తీసివేతలు 10 ఇస్తే ఇప్పుడు 1 కరెక్ట్, నవంబర్ చివరికి 8, అండ్ల ఒకటి పుల్లల కట్టలతోని చేసి చూపియ్యాలె" అని రాయండి. ఆ పుల్లలతోని చేపిచ్చుడు మాత్రం వదలొద్దు, లేకపోతే అర్థం కాకుండానే 8 తెచ్చుకుంటరు.

ఏటూరునాగారం_టీచర్:
మా దగ్గర ఇంకో సంగతి ఉంటది. కోయ పిల్లలు, తండా పిల్లలు ఇంట్ల వేరే భాష మాట్లాడి బడికొస్తరు, వాళ్ళకు చదువుడు కన్నా ముందు తెలుగుల మాట్లాడుడు లక్ష్యం పెట్టాలె. "బొమ్మ చూపిస్తే ఇప్పుడు ఒక్క మాట చెప్తున్నడు, డిసెంబర్ వరకు నాలుగు వాక్యాలు చెప్పాలె", ఇది కూడా కొలిచేదే. పత్తి ఏరే టైంల, మిర్చి టైంల పిల్లలు పని మీద పోతరు, మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంల బడి పల్చగైతది, అందుకని లక్ష్యం పక్కకే ఎన్ని రోజులు బడికొచ్చిండో రాయండి. సగం రోజులు రాని పిల్ల గుణింతాలు పూర్తి చేస్తే అది చాలా గొప్ప, హాజరు రాయకపోతే అది ఎవ్వరికీ కనబడదు.

డైట్_లెక్చరర్_వరంగల్:
ఒక్కటి గట్టిగా చెప్పాలని రాస్తున్నాను. "క్లాసులో 80 శాతం మంది పేరా చదవాలి" లాంటి లక్ష్యం మాత్రం ఒప్పుకోవద్దు. అట్ల పెడితే పేరా చదవడానికి దగ్గరగా ఉన్న నలుగురిని పైకి లాగితే సరిపోతుంది, అక్షరాల దగ్గర ఉన్న పిల్ల అక్కడ్నే మిగిలిపోతది, కథ చదివే పిల్లను కూడా ఎవరూ పట్టించుకోరు. వాళ్ళకూ రాయాలి, చదివిన కథకు వేరే ముగింపు ఐదారు వాక్యాల్లో సొంతంగా రాయడం అట్ల.

ట్రైనింగుల్లో చెప్పే స్మార్ట్ గోల్స్ (స్పష్టంగా, కొలిచేటట్టు, గడువుతో రాసే లక్ష్యాలు) 1981లో జార్జ్ డోరాన్ అనే ఆయన కంపెనీ మేనేజర్ల కోసం రాసినవి. అందులో ఆ పని ఎవరు చేస్తరో కూడా తేల్చాలని ఉంది, బడి దాకా వచ్చేసరికి అది చాలాసార్లు జారిపోయింది. పిల్ల ఏం చేయాలో రాసిన చోటే టీచర్ ఏం చేస్తదో కూడా రాయాలి. ఇంక దయచేసి ఈ అంకెలు గోడ మీద పేర్లతో అతికించొద్దు, 12 పదాల పిల్ల రోజూ దాన్ని చూసుకుంట కూసుంటది.

కొత్త_టీచరమ్మ_నర్సంపేట:
అందరికీ మస్తు థ్యాంక్స్. ఒక పిల్లది రాసిన, చూడుండ్రి: "ద్విత్వ పదాలు 10కి 4. దసరా లోపల 9. సంక్రాంతికి ఒత్తులున్న చిన్న పేరా చదివి రెండు ప్రశ్నలకు చెప్పాలె. నేను: మధ్యాహ్నం భోజనం అయినంక 15 నిమిషాలు, వారంల నాలుగు రోజులు, ఇదే మెట్టు మీద ఉన్న ఆరుగురితోని కలిపి." దసరా లోపల 9 రాకపోతే లక్ష్యం తగ్గించాల్నా?

పర్కాల_టీచర్:
బాగుంది చెల్లె. లక్ష్యం అట్లనే ఉంచు, తారీఖు జరుపు, నువ్వు చేసే ఆ రెండో భాగం మార్చు. ఆరుగురిలకెళ్ళి ఆమెను, ఇంకొకరిని విడిగా కూసోబెట్టి చూడు. తొమ్మిదే ఎందుకు, పదికి పది ఎందుకు కాదు అని మీ మేడం అడిగితే, ఒక్కటి తొందరల తప్పు పోవచ్చని చెప్పు.