ముప్పై వేలు దాటే మడతచాకు కొనొచ్చా?

పర్లాకిమిడి దగ్గర మాకు జీడితోట ఉంది. జేబులో ఉండేది సంతలో కొన్న 150 రూపాయల మడతచాకు. పదునుకి వంక పెట్టను. కానీ పచ్చిమామిడి కోసి తుడవడం మరిస్తే తెల్లారేసరికి నల్లమచ్చలు. కీలు వదులై, మొన్న తాడు కోస్తుంటే వేలి మీదికి మూసుకుంది. రెండు కుట్లు.

అమెరికాలో ఉన్న మా బావ సంక్రాంతికి క్రిస్ రీవ్ కంపెనీ సెబెంజా మడతచాకు తెస్తానంటున్నాడు. టైటానియం పిడి, తుప్పుకి బాగా తట్టుకునే మాగ్నాకట్ స్టీలు. ధర మాత్రం 400 డాలర్ల పైమాటే! మా ఆవిడ "ఆ డబ్బుకి దూడొస్తుంది" అంటోంది, తప్పేం కాదు.

వాడినవాళ్లు చెప్పండి: అది మామూలు సానరాయి మీద పదునెక్కుతుందా? స్టెయిన్‌లెస్ ఒపినెల్ మడతచాకు చాలంటారా? దాని చెక్కపిడి వానల్లో ఉబ్బి, చాకు తెరుచుకోక సతాయిస్తుందని నా భయం.