కోడి ఈకలు: కరిగించి కెరాటిన్ తీయాలా, పీచుగానే వాడుకోవాలా?

ఈకలబుట్ట:
కోడిమాంసం శుద్ధి చేసే చోటి నుంచి రోజుకు టన్ను తడి ఈకలు వస్తున్నాయనుకుందాం. అందులో 70 శాతం దాకా నీరే, ఆరబెడితే మిగిలేది సుమారు 300 కిలోలు. ఆ ఎండు ఈకలో దాదాపు 90 శాతం కెరాటిన్, అంటే వెంట్రుకల్లో, గోళ్లలో ఉండే గట్టి ప్రోటీన్. దీన్ని సోడియం సల్ఫైడ్‌లో కరిగించి శుద్ధ కెరాటిన్ తీసి పొరలు, జెల్‌లు చేయడం మేలా? ఈకను కరిగించకుండా పీచు వేరుచేసి ప్లాస్టిక్‌లో కలపడం మేలా? గాజుకుప్పెలో ఏమవుతుందో కాదు, రోజూ టన్ను వస్తే ఏమవుతుందో చెప్పండి.

పీచుపక్షం:
100 కిలోల ఎండు ఈకలకే లెక్క వేస్తాను. కిలోకు 20 లీటర్ల చొప్పున 2000 లీటర్ల ద్రావణం కావాలి. 0.5 మోలార్ గాఢతకు (లీటరుకు అర మోల్) నిర్జల సోడియం సల్ఫైడ్ 78 కిలోలు, 60 శాతం రేకులైతే 130 కిలోలు. ఈకలు కరుగుతాయి, దానికి వంక పెట్టను. కరిగిన కెరాటిన్‌ను పాలు విరిగినట్టు విరగ్గొట్టి అడుక్కి దింపడానికి ఆమ్లం పోసి పీహెచ్ 4 దగ్గరికి తెస్తారు కదా, ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. పీహెచ్ 7 కిందికి దిగేసరికి సల్ఫైడ్ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా పైకి లేస్తుంది. ఆ తొట్టిలో ఉన్నది 1000 మోల్స్, అంతా వాయువైతే 34 కిలోలు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే పక్కకు తప్పుకోవచ్చులే అనుకోకండి. గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) దగ్గర ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే మిగిలే ఉప్పు 117 కిలోలు. చేతికొచ్చే కెరాటిన్ అంత ఉండదు.

ద్రావణి:
పీచుపక్షం గారూ, మీ అంకెలు సరైనవే, కానీ ఆమ్లం పోయడం ఒక్కటే దారి కాదండి. ఈక కెరాటిన్ అణుభారం 10 కిలోడాల్టన్ల చుట్టూ ఉంటుంది. 3 కిలోడాల్టన్ల కన్నా పెద్ద అణువులను ఆపే వడపోత పొర మీదుగా తిప్పితే సల్ఫైడ్, లవణాలు కిందికి పోయి కెరాటిన్ పైన నిలుస్తుంది. పీహెచ్ చివరిదాకా 10 పైనే ఉంచితే సల్ఫైడ్ చాలావరకు నీటిలోనే ఉంటుంది, అయినా వాయువు పూర్తిగా ఆగదు. కిందికి వచ్చిన సల్ఫైడ్ నీటిని మళ్లీ తర్వాతి విడతకు వాడవచ్చు.

ఈ పద్ధతి చెడేది కొవ్వు వల్ల. ఈకల మీది జిడ్డు సరిగ్గా పోకపోతే పొర రంధ్రాలు జిగురు పట్టినట్టు మూసుకుపోతాయి. కరగని తునకలను ముందు జల్లెడతో, తర్వాత సెంట్రిఫ్యూజ్‌తో తీసేశాకే పొర మీదికి పంపాలి.

ఆమ్లమే పోస్తామంటే మూత బిగించిన రియాక్టర్ కావాలి, లోపల ఒత్తిడి బయటికన్నా కొంచెం తక్కువ ఉండాలి. వాయువును కాస్టిక్ సోడా ద్రావణం ఉన్న రెండు స్తంభాల గుండా వరసగా లాగాలి. ఆ 34 కిలోలకు 80 కిలోల కాస్టిక్ పడుతుంది, తిరిగి సోడియం సల్ఫైడ్ వస్తుంది.

ఈకలను యూరియాతో కరిగించే పద్ధతి కూడా ఉంది, దాన్ని మాత్రం నేను సమర్థించను. 8 మోలార్ అంటే 2000 లీటర్లకు 960 కిలోల యూరియా, అది ఈ పరిమాణానికి పనికిరాదు.

పీచుపక్షం:
సరే, శుద్ధ కెరాటిన్ చేతికొచ్చింది. దాన్ని పలుచగా పోసి పొర కట్టించి చూడండి. ఏమీ కలపకుండా ఆరబెడితే అంచుల నుంచి చెరువుమట్టి బీటలు వారినట్టు పగులుతుంది. 30 శాతం గ్లిజరాల్ కలిపితే వంగుతుంది, కానీ గాలిలో తేమ పీల్చుకుని వేళ్లకు అంటుకుంటుంది. కారణం ఈక కెరాటిన్ గొలుసులు పొట్టివి కావడమే. ఉన్ని కెరాటిన్ గొలుసులు 40 నుంచి 60 కిలోడాల్టన్లు, వీటికి నాలుగు నుంచి ఆరు రెట్లు. ఆపైన గాఢ క్షారంలో ఎక్కువసేపు నానితే గొలుసులే తెగి ముక్కలవుతాయి, ఇక పొర కట్టదు. ప్రకృతి అంత పకడ్బందీగా అల్లిన అల్లికను విప్పేసి, మళ్లీ మనం నాసిగా అల్లడం నాకు మింగుడుపడదు.

ఆవిరిగొట్టం:
పీచు మార్గం అంత తేలిక కాదు, పీచుపక్షం గారు ఆ వైపు చెప్పలేదు. 1998లో అమెరికా వ్యవసాయ శాఖలో వాల్టర్ ష్మిట్ బృందానికి పేటెంట్ వచ్చింది: ఈక నడిమి కాడనూ దాని పక్కల మెత్తటి పీచునూ వేరుచేసేందుకు. సూత్రం చిన్నదే. తరిగిన ఈకను గాలి ప్రవాహంలో వదిలితే బరువైన కాడ ముక్క పడిపోతుంది, పీచు ఎగిరిపోతుంది. చెడేది తరిగే చోట. సుత్తిమర వాడితే కాడ పొడై పీచులో కలిసిపోతుంది, ఇక ఏ గాలీ విడదీయలేదు. కత్తిమరే వాడాలి. అందులోనూ తడి ఈక వేస్తే పీచు ఇరుసుకు చుట్టుకుంటుంది.

కడిగేటప్పుడు ముందు చన్నీళ్లు. వేడినీళ్లు ముందు పోస్తే నెత్తురు గడ్డకట్టి పీచుకు పట్టుకుంటుంది. ఆ తర్వాతే 50–60 డిగ్రీల నీళ్లలో డిటర్జెంట్. తడి ఈకల కుప్ప పోసి ఉంచితే లోపల వేడెక్కి కుళ్లు మొదలవుతుంది, కాబట్టి వచ్చినరోజే కడగాలి.

ప్లాస్టిక్‌లో కలిపేముందు తేమ 1 శాతానికి దించాలి. లేకపోతే లోపల ఆవిరి బుడగలు కట్టి అచ్చు నురగలా వస్తుంది. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 200 దాటితే ఈక రంగు మారి వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పని చేయాల్సింది ఆ నడుమనే. పీచు దూదిలా తేలిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కలిపే యంత్రం తొట్టిలో పోస్తే లోపలికి తోసే స్క్రూకి అందదు, ముందే నొక్కి గుళికలు కట్టాలి.

ఈకలబుట్ట:
మరి కాడల సంగతి? బరువులో సగం అవే కదా.

ఆవిరిగొట్టం:
ఆవిరిపెట్టెలో 145 డిగ్రీల దగ్గర అరగంట నుంచి ముప్పావుగంట. ఈక పిండి అవుతుంది, నత్రజని బాగా ఉన్న ఎరువు, మేతలోనూ వాడతారు. ఎక్కువసేపు ఉడికితే అందులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం లాంథియోనైన్ అనే మరో రూపానికి మారి మేత విలువ పడిపోతుంది. మేతకు కావాల్సిన లైసిన్, మెథియోనైన్ అనే అమైనో ఆమ్లాలు ఎలాగూ తక్కువే.

ద్రావణి:
ఆ కాడలను నాకు వదలండి అంటాను. పీచుకు పనికిరానిదే కరగనివ్వండి, సల్ఫైడ్ లెక్క సగానికి దిగుతుంది. అతుక్కునే గుణం తీగలాంటి పీచుకు లేదు. కరిగిన కెరాటిన్‌లో బయటపడ్డ థయోల్ గుంపులు (గంధకం, హైడ్రోజన్ కలిసిన కొసలు) మళ్లీ ఒకదానితో ఒకటి ముడిపడి జెల్ కడతాయి. గాయం మీద వేసే పొరకు కావాల్సింది అదే.

పీచుపక్షం:
కాడల వరకైతే ఒప్పుకుంటాను, ఆమ్లం తొట్టి తెరిచి ఉండనంతవరకే. ఒక షరతు: ముందు కిలో కాడలతో చేసి చూడండి, ప్రతి దశలో తడిబరువు కాదు, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన ఎండుబరువు రాయండి. తడిబరువుతో వేసిన దిగుబడి శాతాలను నేను నమ్మను.

ద్రావణి:
అలాగే. కాడల్ని 1 మిల్లీమీటరు జల్లెడ దిగేలా మరపట్టాకే వేయండి. పెద్ద ముక్కలైతే పైపైన ఉబ్బి, నడుమ గట్టిగా మిగిలిపోతాయి. ద్రావణం చూడటానికి కరిగినట్టే ఉంటుంది, వడపోసేటప్పుడే ఆ గింజలు బయటపడతాయి.