తట్టు కేసులు వస్తున్నాయి, ఓపీ గేటు దగ్గర స్క్రీనింగ్ ఎలా పెట్టాలి?

హనుమకొండ ఓపీ ఇన్‌ఛార్జి

అందరికీ నమస్కారం. హనుమకొండలో 30 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో ఓపీ చూసుకుంటాను. పిల్లల డాక్టరుకీ జనరల్ డాక్టరుకీ కింద ఒకటే హాలు. నర్సంపేట, మానుకోట వైపు తండాల నుంచి తట్టు అనుమానంతో పిల్లల్ని తీసుకొస్తున్నారు. పొద్దున 9 నుంచి 12 దాకా హాల్లో నిలబడే చోటుండదు. బాలింతలు, టీకాలకు వచ్చిన చంటిపిల్లలు, షుగర్ పేషెంట్లు అందరూ అవే బెంచీల మీద. మెడికల్ షాపు కూడా హాల్లోనే. గేటు ఒకటే. జనరేటర్ వైపు ఒక ర్యాంపు, దాని పక్కన చిన్న గది ఉన్నాయి గానీ ఎప్పుడూ తాళమే. మేనేజ్‌మెంట్ నుదుటి దగ్గర పెట్టి చూసే థర్మామీటరు కొని సెక్యూరిటీ అతనికిచ్చి, జ్వరం ఉన్నవాళ్లను ఆపమంది. ఇది చాలదని నాకు గట్టిగా అనిపిస్తోంది. పెద్ద ఖర్చు పెట్టరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రిటైర్డ్ హెడ్ నర్సు, కాజీపేట

తమ్ముడూ, నీకు అనిపించింది నిజమే. థర్మామీటరు వద్దనను, కానీ ముందు అడగాలి, తర్వాతే కొలవాలి. మన దగ్గర బిడ్డకు ఒళ్లు వెచ్చబడగానే పారాసిటమాల్ సిరప్ పోస్తారు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయిస్తారు, ఆ తర్వాతే బస్సెక్కుతారు. మీ గేటు దాకా వచ్చేసరికి జ్వరం దిగిపోయి ఉంటుంది. ఇంకోవైపు ఎండలో వచ్చి ఆటో దిగినవాళ్ల నుదురు ఏ జబ్బూ లేకపోయినా కాలుతుంది.

అడగాల్సినవి కొన్నే. జ్వరం వచ్చిందా, వస్తే ఏం మందు పోశారు? దగ్గు, జలుబు, కళ్లు ఎర్రబడటం ఉన్నాయా? ఒంటి మీద దద్దుర్లు లేచాయా? ఇంట్లో, తండాలో, బడిలో ఇంకెవరికైనా ఇలా ఉందా? ఈ చివరి ప్రశ్న అసలు మర్చిపోవద్దు. తట్టు దద్దుర్లు లేవడానికి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, లేచాక ఇంకో 4 రోజులు. కాబట్టి జ్వరం, దగ్గు, ఎర్ర కళ్లతో వచ్చిన బిడ్డ పక్కింట్లో తట్టు ఉందంటే, దద్దుర్లు కనపడలేదని హాల్లోకి పంపొద్దు.

గద్దించని మనిషిని అక్కడ కూర్చోబెట్టు. అమ్మవారు పోసిందని ఇంట్లో వేపాకు పెట్టి, ఆలస్యంగా తీసుకొచ్చినవాళ్లు తిడతారేమోనని భయపడి దాచేస్తారు. మీ స్టాఫ్‌లో లంబాడీ మాట్లాడే ఆయమ్మ ఉంటే ఆమెకంటే మంచి మనిషి దొరకదు. మనవణ్ని ఎత్తుకొచ్చిన ముసలమ్మ తెలుగులో సగమే చెప్తుంది. ఆయమ్మకు తోడుగా రద్దీ వేళలో ఒక స్టాఫ్ నర్సు ఉండాలి. ఇద్దరూ టీకా రెండు డోసులు వేసుకున్నవాళ్లో, చిన్నప్పుడు తట్టు వచ్చి తగ్గినట్టు ఖాయంగా తెలిసినవాళ్లో అయి ఉండాలి. అయినా ఎన్95 మాస్కు పెట్టుకోవాల్సిందే. కడుపుతో ఉన్న అమ్మాయికి ఆ డ్యూటీ వేయొద్దు.

ఇక ర్యాంపు. ముందు ఆ తాళం తీయించు. 2009లో స్వైన్ ఫ్లూ, 2020లో కోవిడ్, రెండూ వార్డుల్లో ఉండి చూశాను. దూరంగా కూర్చోండి అని అరిచి అరిచి గొంతు పోయేది. తట్టుకు ఆ దూరం కూడా పనికిరాదు. బిడ్డ వెళ్లిపోయినా ఆ గది గాలిలో వైరస్ 2 గంటల దాకా ఉండగలదు. అందుకే హాల్లో ఒక మూల బెంచీ వేసి ఇది ఐసోలేషన్ అంటే లాభం లేదు. ఈ ప్రశ్నలు అడిగే టేబులు హాలు బయట, మెట్లకు ముందు, షామియానా కింద వెయ్యి. అక్కడి నుంచి అనుమానం ఉన్న బిడ్డ నేరుగా ర్యాంపు మీదుగా ఆ గదిలోకి పోవాలి. గది తలుపు మూసి, కిటికీ తీసి ఉంచాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, అది ఆపేసి బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. కిటికీ జనరేటర్ వైపు ఉంటే పొగ గొట్టం పైకి పెంచమను, రొప్పే బిడ్డకు ఆ పొగ విషం.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బిడ్డ తల్లి ఏ పనికీ హాల్లోకి రాకూడదు. చాలా చోట్ల చెడేది ఇక్కడే. వేరే గదిలో చక్కగా చూస్తారు, చివర్లో మందుల చిట్టీ చేతికిచ్చి మెడికల్ షాపు లైనులోకి పంపిస్తారు. ఓపీ చిట్టీ, డాక్టరు, రక్తం తీయడం, బిల్లు, మందులు అన్నీ ఆ గదికే రావాలి. ర్యాంపు మీదుగానే ఇంటికి వెళ్లాలి.

ఒగరుస్తున్న బిడ్డ, పాలు తాగలేని బిడ్డ, మత్తుగా పడి ఉన్న బిడ్డ, ఫిట్స్ వచ్చిన బిడ్డ అయితే ప్రశ్నలు, రిజిస్టరు ఆపి ముందు లోపలికి తీసుకెళ్లండి.

పిల్లల డాక్టరు, జనగామ

సిస్టర్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఆ టేబుల్ దగ్గరే ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి, నిమిషం పాటు, బిడ్డ ఏడవనప్పుడు. 2 నెలల లోపు పిల్లలకు 60, ఏడాది లోపు 50, 1 నుంచి 5 ఏళ్ల వాళ్లకు 40, అంతకు చేరితే వెంటనే డాక్టరును పిలవాలి.

రిజిస్టరులో ఊరు, ఫోను నంబరుతో పాటు వచ్చిన టైము, వెళ్లిన టైము రాయండి. పొరపాటున హాల్లో కూర్చున్న బిడ్డకు తట్టని తేలితే, అప్పుడక్కడ ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలి కదా. టీకా పడనివాళ్లకు 72 గంటల్లోపు వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. మరీ చిన్నవాళ్లకు 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) ఇవ్వొచ్చు. మన షెడ్యూల్లో మొదటి ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) డోసు 9 నెలలు నిండాకే, కాబట్టి మీ హాల్లో టీకాలకు కూర్చున్న చంటిపిల్లలకు ఇంకా తట్టు టీకా రక్షణ లేదు. టీకాల వేళను సాయంత్రానికి మార్చండి, ఇది రేపే చేయొచ్చు.

జ్వరం, దద్దుర్లు కలిసి ఉన్న ప్రతి కేసునూ జిల్లా వైద్యశాఖకు చెప్పాలి, శాంపిళ్ల సంగతి వాళ్లు చూస్తారు. విటమిన్ ఎ వరసగా రెండు రోజులు ఇవ్వడం మరవొద్దు.

హనుమకొండ ఓపీ ఇన్‌ఛార్జి

అక్కా, సార్, చాలా థ్యాంక్స్. టీకాల టైము మార్చడానికి ఒప్పుకున్నారు. రెండు టెన్షన్లు మిగిలాయి. షామియానా చూస్తే జనం భయపడి వేరే ఆసుపత్రికి పోతారని ఓనర్ సార్ అంటున్నారు. ఇంకొకటి, వానాకాలం మనకు డెంగీ ఎక్కువ, జ్వరం, దద్దుర్లు అందులోనూ ఉంటాయి. ఉన్నది ఒక్క గది.

రిటైర్డ్ హెడ్ నర్సు, కాజీపేట

డెంగీ మనిషి పక్కన కూర్చుంటే రాదు, దోమ కుట్టాలి. ఒళ్లు నొప్పులు, జ్వరం ఉండి దగ్గు, జలుబు, దద్దుర్లు లేని పెద్దవాళ్లు హాల్లోకే పోవచ్చు, అడ్మిట్ అయితే దోమతెర కట్టండి. జ్వరంతో దద్దుర్లు లేచిన బిడ్డను మాత్రం ర్యాంపు వైపే పంపండి. అది డెంగీనా తట్టా అని తేల్చడం గేటు దగ్గర ఆయమ్మ పని కాదు, డాక్టరు చూస్తారు. గది నిండితే మిగతావాళ్లు ర్యాంపు మీద ఆరుబయట కూర్చోవాలి, రెండేళ్లు దాటిన పిల్లలకు మాస్కు పెట్టి. అన్నాచెల్లెళ్లయితే ఒకే గదిలో చూసేయండి.

ఓనర్ సార్‌కు ఇలా చెప్పు. ఈ హాల్లో అంటుకున్న చంటిబిడ్డకు సుమారు రెండు వారాలకు ఇంట్లో దద్దుర్లు లేస్తాయి, ఎక్కడికెళ్లొచ్చాక వచ్చిందో ఆ తల్లికి బాగా గుర్తుంటుంది. బోర్డు మీద ఐసోలేషన్ అని రాయించొద్దు. 'దద్దుర్లు, దగ్గు, జ్వరం ఉన్న పిల్లలను ఇటు తీసుకురండి, ముందుగా చూస్తాం' అని పెద్దక్షరాల్లో రాయించి, పక్కన బిడ్డ బొమ్మ వేయించు. నిజంగానే ముందుగా చూడండి, జనం వాళ్లే ఆ దారి పడతారు.

వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే వాళ్లకీ, 108 వాళ్లకీ తట్టు అనుమానమని ముందే ఫోన్‌లో చెప్పండి. రాత్రిపూట టేబులు ఉండదు కాబట్టి ర్యాంపు తలుపు దగ్గర కాలింగ్ బెల్ పెట్టించు. తాళం చెవి క్యాజువాలిటీ సిస్టర్ దగ్గరే ఉండాలి.