చదవడం నేర్పడం మీద కాన్ఫరెన్స్ అంట, సొంత డబ్బులు పెట్టుకొని పోవచ్చునా?

ఆదోని_ఎస్జీటీ:
అందరికీ నమస్తే. ఆదోని దిక్కు పల్లెలో ప్రైమరీ స్కూలు మాది, ఇద్దరమే టీచర్లం, ఒకటి రెండు మూడు తరగతులు నా నెత్తినే. వచ్చే నెల హైదరాబాద్‌లో చిన్నపిల్లలకు చదవడం రాయడం నేర్పడం మీద మూడు రోజుల కాన్ఫరెన్స్ ఉందని వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫీజు, ఛార్జీలు, రూము అన్నీ మనమే పెట్టుకోవాల. మా హెచ్ఎం సార్‌ని అడిగితే "ఆడ ఏముంటాదమ్మా, ఫైలు, పెన్ను, టీ బిస్కెట్టు, గ్రూప్ ఫోటో, మనకు ట్రైనింగులు తక్కువైనాయా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం కూడా ఏం లేదు లెండి.

నా బాధ ఏందంటే మా పిల్లోళ్ళు అక్షరాలు గుర్తుపడతారు, గుణింతం పాట మాదిరి అప్పజెప్తారు, పదం ముందర పెడితే మాత్రం నిలబడిపోతారు, ఒత్తు వచ్చిందంటే ఇంక అంతే. సగం ఇండ్లల్లో మాట్లాడేది కన్నడం. దానికి తోడు మిరపకాయల కోతలకని గుంటూరు దిక్కు వలస పోతారు, సీజనల్ హాస్టళ్ళు ఉండాయి గానీ ఆరేండ్ల బిడ్డను ఏ తల్లి వదిలిపెట్టి పోతుంది, వెంటబెట్టుకొని పోతారు, తిరిగొచ్చేసరికి మళ్ళీ మొదటికే. దీనికి ఏం చేయాలో ఏ మాడ్యూల్లోనూ రాసి లేదు. ఇట్లాంటి కాన్ఫరెన్సులకు పోయొచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, క్లాసులో పనికొచ్చిందా, లేక సర్టిఫికెట్ కోసమేనా?

కడప_పండితుడు:
పోమ్మా, తప్పకుండా పో. ట్రైనింగు వేరు, కాన్ఫరెన్స్ వేరు. ట్రైనింగులో పైన ఎవరో ముందే తయారుచేసింది కింద మనదాకా వస్తుంది, ఆర్పీ, అంటే ట్రైనింగు ఇచ్చే ఆయన, చెప్తాడు, మనం రాసుకుంటాం, "మా బళ్ళో ఇట్లా కుదరదు సార్" అంటే ఆయన దగ్గర జవాబు ఉండదు, ఆయన తప్పు కాదు, ఆయనకు ఇచ్చింది అంతే. కాన్ఫరెన్సులో ఆ పని చేసినోళ్ళే మన ఎదురుగా ఉంటారు, పట్టుకొని అడగొచ్చు.

నేను పోయినచోట యాద్గిరిలో జరిగిన స్టడీ గురించి చెప్పినారు. మీకు మంత్రాలయం దాటితే రాయచూరు, దాని అవతలే యాద్గిరి, అంటే మీ పిల్లోళ్ళ లాంటి పిల్లోళ్ళే. అక్కడా, మహారాష్ట్రలో వాడా అనే ఊరి చుట్టుపక్కలా ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా పిల్లల్ని వెంటబడి చూసినారు. బళ్ళో టైమంతా వర్ణమాల, గుణింతం, చూచిరాతకే పోతాంది, పిల్లోడు సొంతంగా ఒక చిన్న కథ చదివేది, తన మాట తాను రాసేది దాదాపు లేదు, అందుకే మూడేండ్లు బడికొచ్చినా చాలామందికి పదాలు చదవడమే కష్టంగా ఉందని తేలింది. వాళ్ళు చెప్పేదేందంటే వర్ణమాల మొత్తం అయినాకనే గుణింతం మొదలుపెడదామని కూర్చోవద్దు, కొన్ని అక్షరాలు, వాటితోపాటే రెండు మూడు గుణింతపు గుర్తులు కలిపి నేర్పితే మొదటి నెలల్లోనే పిల్లోడు పదాలు కట్టుకుంటాడని.

ఇంకోటి, కన్నడ పిల్లలు చదవడం ఎట్లా నేర్చుకుంటారని సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు చేసిన పని. మన లిపికి దగ్గరి లిపే కదా. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, మనకు గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే వందల రూపాలు. అందుకని ఇవన్నీ పట్టుబడటం ఒకటి రెండు తరగతుల్లో అయిపోయేది కాదు, నాలుగో తరగతి దాకా కూడా సాగుతుందని ఆమె లెక్క. రెండో తరగతి పిల్లోడు ఒత్తు దగ్గర ఆగితే "వీడు మొద్దు" అని ముద్రేసేవాళ్ళు ఇది ఒకసారి వినాల.

ధర్మవరం_మాస్టరు:
పండితులవారు మంచి చోటికే పోయినట్టున్నారు. నేను చూసినవి వేరే రకం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంగ్లిష్‌లో పీపీటీలు, యూనివర్సిటీ వాళ్ళు ఎన్జీఓ వాళ్ళతో, ఎన్జీఓ వాళ్ళు యూనివర్సిటీ వాళ్ళతో మాట్లాడుకుంటారు, గవర్నమెంట్ టీచరు ఎక్కడో వెనక వరసలో. ఒకాయన నిమిషానికి ఇన్ని పదాలు చదవాల అని గ్రాఫ్ పెట్టినాడు. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అని పెట్టినారు కదా, మన తెలుగులో ఒక్కో పదం గూడ్సు బండి మాదిరి ఎంత పొడుగుంటాదో ఆయనకు తెలిసినట్టే లేదు.

సరే అదంతా వదిలెయ్. ఆమె మూడు రోజులు పోతే మూడు తరగతులు ఎవరు చూడాల? ఆ హెచ్ఎం ఒక్కడే ఐదు తరగతులు, దానికి తోడు భోజనం లెక్కలు, యాప్‌లు. ఇది ఎవరూ మాట్లాడరే.

కడప_పండితుడు:
మాస్టారూ, ఇంగ్లిష్ గోల నిజమే, కాదనను. కానీ ఆ 60 పదాల సంగతి లేచి అడగాల్సింది అక్కడే కదా. కేంద్రం పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీ వాళ్ళు 2022లో మూడో తరగతి పిల్లల మీద చేసిన సర్వేలో 20 భాషలకు దేనికది వేరే కొలత పెట్టినారు, అన్ని భాషలకు ఒకే అంకె కుదరదని వాళ్ళకే తెలిసింది. ఆ మాట ఆయన మొహం మీద అడిగే తెలుగు టీచరు ఆ హాల్లో లేకపోతే ఆ గ్రాఫ్ అట్లాగే మన సర్క్యులర్‌లోకి వస్తుంది, అప్పుడు స్టాఫ్‌రూమ్‌లో కూర్చొని తిట్టుకుంటాం.

కదిరి_లక్ష్మి:
అక్కా, నేను అంగన్‌వాడీ పక్కనే ఉన్న బళ్ళో చేస్తాండా, నాదీ మీ గోసే. ఒకటే చెప్తా. కాన్ఫరెన్సు బాగుందా లేదా అనేది మనం ఏం ప్రశ్న తీసుకొని పోతామో దాన్నిబట్టి ఉంటాది. ఊరికే పోతే ఊరికే వస్తాము.

పోయే ముందు ఒక పని చేయి. పల్లె పిల్లలకు చదవడం ఎంత వచ్చో ఇండ్లకు పోయి చూసే అసర్ సర్వేలో వాడే కాగితం ఉంటాది, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఒక్కొక్క పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చదివించు, ఎక్కడ ఆగుతాడో రాసుకో, కన్నడం ఇంటి పిల్లలు ఎవరు, వలస పోయొచ్చినోళ్ళు ఎవరు విడిగా గుర్తు పెట్టుకో. ఆ కాగితాలు సంచిలో వేసుకొని పో. టీ బ్రేక్‌లో ఎవరి ముందరన్నా పెట్టి "వీనికి ఏం చేయాల" అని అడుగు. పెద్ద పెద్ద వాళ్ళు కూడా సెషన్‌లో చెప్పనిది ఆ కాగితం చూసి చెప్తారు.

కన్నడం పిల్లల సంగతికి నాకు పనికొచ్చింది ఒకటుంది. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు చెప్పింది. చదవడం అంటే రెండు, అక్షరాన్ని శబ్దం చేసుకోవడం ఒకటి, ఆ భాష విని అర్థం చేసుకోవడం ఒకటి, ఈ రెండింటినీ కూడేది కాదు, గుణించాల. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. మీ పిల్లోడు తెలుగు పదాన్ని చదివేసినా ఆ మాట ఎప్పుడూ విననోడైతే వానికి చదివినట్టు కాదు. మరి వానికి గుణింతం ఇంకో వందసార్లు చెప్పిస్తే ఏమొస్తాది, తెలుగులో మాట్లాడించాల, కథలు చదివి వినిపించాల. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో ఒకే బొమ్మల కథలు కన్నడంలోనూ తెలుగులోనూ ఫ్రీగా దొరుకుతాయి, రెండూ పక్కపక్కన పెట్టి చదువుతాను నేను.

మాస్టారు అన్న ఇంగ్లిష్ పీపీటీల భయం ఉంటే మాకు దగ్గర్లో మదనపల్లె రిషీవ్యాలీ బడి ఉంది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు పెట్టుకొని కార్డులతో, నిచ్చెన మాదిరి మెట్లతో నేర్పే పద్ధతి వాళ్ళది. చెన్నై కార్పొరేషన్ టీచర్లు అక్కడికి వచ్చి చూసి పోయినాకే 2003లో వాళ్ళ బళ్ళల్లో మొదలుపెట్టినారు, తర్వాత తమిళనాడు అంతా పోయింది. టీచరు బయటికి పోయి ఇంకో టీచరు పని కళ్ళారా చూసొస్తే అంత జరిగింది, ఇంక మూడు రోజుల లీవు గురించి ఎందుకంత గొడవ.

కర్నూలు_ఎస్ఏ:
లీవు సంగతికి: సీఎల్ పెట్టేముందు ఓడీకి, అంటే డ్యూటీ మీదే పోయినట్టు లెక్కేయమని, అర్జీ పెట్టి చూడు, ఎంఈఓ ద్వారా డీఈఓ ఆఫీసుకి, కాన్ఫరెన్స్ ఆహ్వానం కాపీ జత చేసి. వస్తుందని గ్యారంటీ ఏం ఇవ్వను, అడిగితే పోయేదేముంది. అర్జీలో ఒక లైను రాయి, 2020 జాతీయ విద్యా విధానంలో టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు తన ఆసక్తిని బట్టి నేర్చుకోవాలని ఉంది. తన ఆసక్తిని బట్టి అన్నది కింద గీత గీయి. వచ్చినాక చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో అర్ధగంట చెప్తానని కూడా రాస్తే వాళ్ళకూ చూపించుకోవడానికి ఒకటి ఉంటుంది. ధర్మవరం మాస్టారు అడిగిన దానికి మాత్రం జవాబు లేదు, సీఆర్ఎంటీని, అంటే క్లస్టర్ బళ్ళకు తిరిగే టీచరును, ఆ మూడు రోజులు పంపమని అడగడం తప్ప.

ఆదోని_ఎస్జీటీ:
అందరికీ థాంక్స్. లక్ష్మీ, నువ్వు చెప్పిన కాగితం పని ఈ సోమవారం నుంచే మొదలుపెడతా, మూడో తరగతి వాళ్ళతో. అర్జీ రాసినా, సీఆర్ఎంటీ సంగతి కూడా ఎక్కించినా. హెచ్ఎం సార్ సంతకం పెడుతూ "ఆ మిరపకాయల పిల్లోళ్ళకు ఎవరన్నా ఏమన్నా చెప్తే రాసుకొని రామ్మా" అన్నాడు, ఫైలూ పెన్నూ మాట ఎత్తలేదు. కర్నూలు నుంచి ఆడవాళ్ళు ఎవరన్నా వస్తాంటే చెప్పండి, రూము షేర్ చేసుకుందాం, ఖర్చు సగం అవుతుంది.